గోడ మీది రంగుల బడి

మీ ఇంట్లో అమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ముగ్గుల పుస్తకం ఉందేమో అడిగి చూడండి. ఉంటే అది అచ్చయిన పుస్తకం కాకపోవచ్చు. పాత నోటు పుస్తకమే అయి ఉంటుంది. ఒక పేజీలో పదిహేను చుక్కల ముగ్గు, మరో పేజీలో తామరపువ్వు, ఇంకో పేజీలో మెలికల ముగ్గు. పక్కింటి పిన్నిగారిని అడిగి దించుకున్నది ఒకటి, పెళ్లికి వెళ్లినప్పుడు ఆ వాకిట్లో చూసి గుర్తు పెట్టుకుని వచ్చి గీసుకున్నది మరొకటి. పొద్దున వాకిట్లో వేసిన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. కాని ముగ్గు విద్య మాత్రం చెరిగిపోలేదు. ఎందువల్ల? ఒక చేతి నుంచి మరో చేతికి అందుతూ వచ్చింది కనుక.

ఈ రోజు వేస్తే రేపు ఉంటుందో ఉండదో తెలియని కళ ఇంకొకటి ఉంది. దాని పేరు గ్రాఫిటీ. నేడు మనం చూస్తున్న రూపంలో అది అమెరికాలోని ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరాల వీధుల్లో పెరిగింది. దానికి బడి లేదు, మాస్టారు లేరు, పాఠ్యపుస్తకం లేదు. పైగా అది చట్టానికి విరుద్ధం. అయినా ఆ పిల్లలు తమ బడిని తామే కట్టుకున్నారు. ఆ బడి ఎలా పుట్టింది? అందులోని పాఠాలలో భౌతికశాస్త్రం ఎంత ఉంది? చివరకు ఏది చెరిగిపోయింది, ఏది మిగిలింది? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పేర్ల పోటీ

గ్రాఫిటీ అనే మాట ఇటలీ భాషలో గీకడం అనే అర్థమిచ్చే మాట నుంచి వచ్చింది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట పాంపే నగర ప్రజలు గోడల మీద గీకిన రాతలు అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడి నేటికీ నిలిచి ఉన్నాయి. అంటే గోడ కనిపిస్తే రాయాలనే కోరిక మనిషికి కొత్తది కాదన్నమాట.

1960ల చివర ఫిలడెల్ఫియాలో కొందరు కుర్రవాళ్లు తమ ముద్దుపేర్లను వీధి వీధినా రాయసాగారు. న్యూయార్క్ లో గ్రీకు కుటుంబానికి చెందిన ఒక యువకుడు ఉండేవాడు. ఉత్తరాలు, పొట్లాలు ఊరంతా తిరిగి అందించడం అతని పని. ఇల్లు 183వ వీధిలో. వెళ్లిన చోటల్లా 'టాకీ 183' అని రాసేవాడు. 1971 జూలై 21న న్యూయార్క్ టైమ్స్ పత్రిక అతని గురించి ప్రచురించింది. ఇంకేముంది! అలా రాసే పిల్లలు మరెందరో బయలుదేరారు.

అందరూ రాస్తుంటే ఒకరి పేరు ఎలా కనబడుతుంది? మొదట ఎవరి పేరు ఎక్కువ చోట్ల ఉంటే వారు గొప్ప. తరువాత ఎవరి అక్షరం అందంగా ఉంటే వారు గొప్ప. 'ఫేజ్ 2' అనే పేరుతో రాసిన యువకుడు 1972 ప్రాంతంలో అక్షరాలను బుడగల్లాగా ఉబ్బించి రాశాడు. మరికొందరు అక్షరాలకు బాణాలు, నీడలు, మెలికలు చేర్చారు. వాళ్లు తమను చిత్రకారులమని చెప్పుకోలేదు, 'రైటర్లు' అనుకున్నారు. వాళ్లకు అక్షరమే బొమ్మ.

వాళ్లకు దొరికిన అసలైన పలక ఏమిటో తెలుసా? రైలు పెట్టె! గోడ మీద రాస్తే ఆ వీధివారే చూస్తారు. రైలు మీద రాస్తే ఊరంతా చూస్తుంది.

డబ్బాలో ఏముంది?

కుంచెతో రైలు పెట్టె నింపాలంటే రోజులు పడుతుంది. ఆ పని గంటల్లో ముగించడానికి ఉపయోగపడింది స్ప్రే డబ్బా. దీని కథ 1949 నాటిది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని సైకమోర్ అనే ఊళ్లో ఎడ్వర్డ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి తన అల్యూమినియం రంగును కొనేవారి ఎదుట చూపించాలనుకున్నాడు. రంగును కూడా డబ్బాలో నింపి చిమ్మితే బాగుంటుంది కదా అని సలహా ఇచ్చింది అతని భార్య బానీ. చూపించడానికి చేసిన డబ్బానే జనం అడగడం మొదలుపెట్టారు!

డబ్బాను ఊపితే లోపల టకటకమని చప్పుడవుతుంది. అది చిన్న గోళీ. రంగుపొడి బరువైనది కనుక అడుక్కు దిగి కూర్చుంటుంది. గోళీ దాన్ని మళ్లీ కలుపుతుంది. రంగుపొడి, గోడకు పట్టించే జిగురు పదార్థం, వాటిని పల్చన చేసే ద్రావణి - ఈ మూడూ కలిస్తే రంగు. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రంగును బయటకు నెట్టే చోదక వాయువు.

ఈ వాయువు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే వంటింట్లోని గ్యాసు సిలిండరును తలచుకోండి. సిలిండరులో గ్యాసు ఎక్కువ భాగం ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం పైన కొంత ఆవిరి ఉంటుంది. పొయ్యి వెలిగిస్తే ఆవిరి బయటకు పోతుంది. వెంటనే కొంత ద్రవం ఆవిరై ఆ లోటు తీరుస్తుంది. అందుకే సిలిండరు దాదాపు ఖాళీ అయ్యేవరకు మంట ఒకేలా వస్తుంది. నేటి స్ప్రే డబ్బాలు చాలావాటిలో ఉండేది కూడా వంటగ్యాసులోని ప్రొపేన్, బ్యూటేన్ వాయువులే. పై మీటను నొక్కితే కవాటం తెరుచుకుంటుంది. ఆవిరి రంగును కిందికి నొక్కుతుంది. రంగు ఒక సన్నని గొట్టం గుండా పైకి ఎగసి, చిన్న రంధ్రం నుంచి తుంపరలై బయటపడుతుంది. డబ్బా సగం అయినా చిమ్మే వేగం పెద్దగా తగ్గదు. సైకిలు పంపుతో గాలి నింపిన డబ్బా అయితే ఇలా ఉండదు, వాడుతున్న కొద్దీ వేగం తగ్గిపోతుంది.

చాలాసేపు చిమ్మితే డబ్బా చేతికి చల్లగా తగులుతుంది. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని డబ్బా నుంచే తీసుకుంటుంది. దీనినే మీరు గుప్తోష్ణం అని పాఠంలో చదివారు. కుండలో నీరు చల్లబడేది కూడా ఇందుకే.

ఒకప్పుడు ఈ డబ్బాలలో క్లోరోఫ్లోరోకార్బన్లు అనే వాయువులను వాడేవారు. అవి మండవు, విషం కావు, చాలా మంచివని అందరూ అనుకున్నారు. 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఇవి పైపై వాతావరణానికి చేరి ఓజోను పొరను దెబ్బ తీస్తాయని చెప్పారు. సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే గొడుగు ఆ పొర. 1978లో అమెరికా స్ప్రే డబ్బాలలో వీటి వాడకాన్ని చాలావరకు నిషేధించింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1995లో ఆ ఇద్దరికీ, పాల్ క్రుట్జెన్ తో పాటు, నోబెల్ బహుమతి లభించింది.

చెయ్యి నేర్చుకున్న లెక్క

స్ప్రే డబ్బా చేతికిస్తే ఎవరైనా రంగు చిమ్మగలరు. కాని సన్నని తిన్నని గీత గీయగలరా? అక్కడే ఉంది విద్య.

డబ్బా నుంచి తుంపరలు గరాటు ఆకారంలో విచ్చుకుంటాయి. గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో చిమ్మితే 4 సెంటీమీటర్ల వ్యాసం గల చుక్క పడిందనుకోండి. 20 సెంటీమీటర్లకు జరిగితే వ్యాసం 8 సెంటీమీటర్లు అవుతుంది. వ్యాసం రెండింతలు అయితే వైశాల్యం ఎన్ని రెట్లు? నాలుగు రెట్లు. కాని బయటకు వచ్చే రంగు అంతే. కనుక పూత మందం నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే దగ్గరగా పెడితే చిక్కని సన్న గీత, దూరంగా పెడితే పొగలాంటి పల్చని నీడ.

మరి దగ్గరగా పెట్టి నెమ్మదిగా కదిపితే? ఒకే చోట రంగు ఎక్కువై బరువుకు కిందికి కారుతుంది. అందుకని దగ్గరగా ఉన్నప్పుడు చెయ్యి వేగంగా కదలాలి. చేతి వేగం రెండింతలైతే పూత సగమవుతుంది. దూరం, వేగం - ఈ రెంటినీ మనసులో ఒకేసారి సరిచూసుకుంటూ భుజం మొత్తం కదిలించాలి. కొత్తవారు మీట నొక్కి, ఆపైన చెయ్యి కదుపుతారు. మొదట్లో బొట్టు పడుతుంది. నేర్చినవారు ముందు చెయ్యి కదిపి, ఆపైన మీట నొక్కుతారు.

రంధ్రం మార్చినా గీత మారుతుంది. న్యూయార్క్ పిల్లలు ఇతర డబ్బాల మూతులను పీకి రంగు డబ్బాకు తగిలించి చూశారు. వెడల్పు గీతకు ఒకటి, సన్న గీతకు ఒకటి కనిపెట్టారు. ఎవరూ చెప్పకుండానే వాళ్లు చేసినవి ప్రయోగాలే కదా! ఆ అవసరం కోసమే ప్రత్యేకంగా రంగులు తయారుచేసే సంస్థ 1994లో స్పెయిన్ లోని బార్సిలోనాలో పుట్టింది.

నల్ల అట్టల పుస్తకాలు

ఈ విద్య ఎవరు ఎవరికి నేర్పారు? బ్రాంక్స్ ప్రాంతంలో 149వ వీధి, గ్రాండ్ కాంకోర్స్ స్టేషనులో ఒక బల్ల ఉండేది. బడి వదలగానే రైటర్లు అక్కడ చేరేవారు. వచ్చే పోయే రైళ్లను చూస్తూ ఈ అక్షరం బాగుంది, ఆ రంగు కుదరలేదు అని చర్చించుకునేవారు. అదే వాళ్ల తరగతి గది. కొత్తగా వచ్చినవాణ్ణి ఆటబొమ్మ అనే అర్థంలో 'టాయ్' అని ఏడిపించేవారు. పట్టుదల ఉన్నవాడైతే ఒక పెద్ద రైటరు చేరదీసేవాడు.

ప్రతివాని చేతిలో నల్ల అట్ట గల బొమ్మల పుస్తకం ఉండేది. అందులో తమ అక్షరాలు గీసుకునేవారు. ఇతరుల పుస్తకాలలో గీసి ఇచ్చేవారు. చిన్నవాడు పెద్దవాని గీతను పదే పదే దించి చెయ్యి తిప్పుకునేవాడు. ఇంతకూ ఇది మన ముగ్గుల పుస్తకం కాక మరేమిటి?

పుస్తకంలోని బొమ్మ గోడ మీదికి ఎక్కాలంటే లెక్క కావాలి. బొమ్మ 20 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. గోడ 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు. నిష్పత్తి 1:25. పుస్తకంలో ఒక సెంటీమీటరు గడి గోడ మీద 25 సెంటీమీటర్ల గడి అవుతుంది. పుస్తకంలో 2 మిల్లీమీటర్ల గీత గోడ మీద 5 సెంటీమీటర్ల పట్టీ అవుతుంది. మీ డ్రాయింగు మాస్టారు నేర్పే గళ్ల పద్ధతే ఇది.

గోడ నుంచి గ్యాలరీకి

1972లో హ్యూగో మార్టినెజ్ అనే కాలేజీ విద్యార్థి కొందరు రైటర్లను కూడగట్టి 'యునైటెడ్ గ్రాఫిటీ ఆర్టిస్ట్స్' అనే సంఘం పెట్టాడు. రైలు మీద కాక కాన్వాసు మీద వేయండి, అందరికీ చూపిద్దాం అన్నాడు. 1973లో రేజర్ గ్యాలరీలో వారి ప్రదర్శన జరిగింది. అదే ఏడు ఒక ప్రసిద్ధ నృత్య ప్రదర్శనలో, నాట్యం జరుగుతుండగానే, వెనుక తెర మీద రైటర్లు స్ప్రే డబ్బాలతో రాశారు. అంతవరకు చీకట్లో చేసిన పనిని వెలుగులో, జనం ఎదుట చేశారు.

1979లో లీ కిన్యోనెస్, ఫ్యాబ్ 5 ఫ్రెడ్డీ అనే ఇద్దరి చిత్రాలు ఇటలీలోని రోము నగరంలో ప్రదర్శించారు. 1981లో న్యూయార్క్ లో ఫన్ గ్యాలరీ తెరిచారు. 1983లో పేరుమోసిన సిడ్నీ జానిస్ గ్యాలరీయే వీరి చిత్రాలకు చోటిచ్చింది. అయితే అందరూ మెచ్చుకోలేదు. రైలు నుంచి దింపి చట్రంలో బిగిస్తే ఆ ఊపు పోయిందన్నవారు ఉన్నారు. ఈ వాదన నేటికీ తేలలేదు.

రైళ్లు పోయాయి, పుస్తకం మిగిలింది

మార్తా కూపర్ పత్రికా ఛాయాచిత్రకారిణి. ఎత్తయిన వంతెనల మీద పరుగెత్తే రైళ్ల కోసం గంటల తరబడి కాచుకుని, చుట్టూ ఉన్న ఊరితో సహా ఫోటో తీసేది. హెన్రీ చాల్ఫాంట్ శిల్పి. ఆయన కిటుకు వేరు. ఇరుకైన ప్లాట్‌ఫారం మీద నిలబడి పొడుగాటి పెట్టెను ఒకే ఫోటోలో తీస్తే మధ్యభాగం పెద్దగా, రెండు కొసలూ చిన్నగా వస్తాయి. అందుకని పక్కకు జరుగుతూ ముక్కలు ముక్కలుగా తీసి, తరువాత ఆ ఫోటోలను అతికేవాడు. పెట్టె అంతా తిన్నగా కనిపించేది.

ఈ ఇద్దరూ కలిసి చేసిన పుస్తకాన్ని అమెరికాలో ఎందరో ప్రచురణకర్తలు కాదన్నారు. చివరికి లండన్ లోని ఒక సంస్థ 1984లో 'సబ్‌వే ఆర్ట్' పేరుతో అచ్చువేసింది. న్యూయార్క్ ఎన్నడూ చూడని పిల్లలు లండన్, పారిస్, బెర్లిన్ నగరాల్లో ఆ పేజీలను దించి నేర్చుకున్నారు. నల్ల అట్టల పుస్తకం ఇప్పుడు ప్రపంచమంతా తిరిగే పుస్తకమైంది. 1987లో చాల్ఫాంట్, జేమ్స్ ప్రిగాఫ్ కలిసి 'స్ప్రేకాన్ ఆర్ట్' అనే మరో పుస్తకం తెచ్చారు. అందులో అనేక దేశాల గోడలు ఉన్నాయి.

ఈలోగా రైళ్ల సంగతి ఏమైంది? నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ప్రయాణికులకు విసుగు పుట్టింది. కిటికీ అద్దాల మీద కూడా రంగు పూస్తే ఏ స్టేషను వచ్చిందో ఎలా తెలుస్తుంది? పిల్లలకూ అపాయమే. పట్టాల పక్కన ఉండే మూడో పట్టాలో 600 వోల్టులకు పైగా విద్యుత్తు ప్రవహిస్తుంది. రైలు యార్డులలో, సొరంగాలలో ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలూ ఉన్నారు. 1984లో రైల్వే అధికారులు ఒక నియమం పెట్టుకున్నారు. ఒకసారి శుభ్రం చేసిన రైలు మీద రంగు పడితే, దాన్ని తుడిచేదాకా పట్టాల మీదికి పంపరాదు. ఎవరూ చూడని రాత రాసి ఏం లాభం? 1989 మే 12 నాటికి రంగు రాతల ఆఖరు రైలును కూడా తప్పించారు.

ఆ రైళ్లపై వేసిన చిత్రాలు వేలకొద్దీ చెరిగిపోయాయి. మిగిలినవేమిటి? నల్ల అట్టల పుస్తకాలు, ఫోటోలు, కాన్వాసులు, నేర్చుకున్న చేతులు. మార్టిన్ వాంగ్ అనే చిత్రకారుడు సేకరించిన ఇలాంటి పుస్తకాలూ కాన్వాసులూ 1994లో న్యూయార్క్ నగర మ్యూజియముకు చేరాయి. 2014లో వాటితో పెద్ద ప్రదర్శన జరిగింది.

తరగతి గదిలో రంగు డబ్బా

ఫిలడెల్ఫియా నగరం 1984లో కొత్త పద్ధతి పట్టింది. ఇకపై అనుమతి లేకుండా రాయనని ప్రమాణం చేసిన పిల్లలను శిక్షించడానికి బదులు గోడచిత్రాల పనిలో పెట్టింది. వారికి నేర్పడానికి జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని నియమించింది. ఆ కార్యక్రమం పెరిగి పెద్దదై, నగరంలో ఇప్పటికి నాలుగు వేలకు పైగా గోడచిత్రాలు వేయించింది.

'లేడీ పింక్' అనే పేరుగల చిత్రకారిణి ఈక్వడార్ దేశంలో పుట్టింది. 1979లో పదిహేనేళ్ల వయసులో న్యూయార్క్ రైళ్ల మీద రాయడం మొదలుపెట్టింది. నేర్పేవారంతా అబ్బాయిలే. ఆడపిల్లవు, నీకెందుకు అన్నవారి ఎదుటే నేర్చి నిలిచింది. 1985 తరువాత రైళ్లు మానేసి, అనుమతితో గోడచిత్రాలు వేస్తూ, బడి పిల్లలకు ఆ పని నేర్పింది.

పోర్చుగల్ రాజధాని లిస్బన్ లో 2012లో మొదలైన తరగతులు మరీ చిత్రం. వాటి పేరు 'లాటా 65'. లాటా అంటే డబ్బా. 65 అంటే వయసు! తాతలూ అమ్మమ్మలూ ముందు ఈ కళ చరిత్ర వింటారు. తరువాత తమకొక పేరు పెట్టుకుంటారు. అట్టను కత్తిరించి అచ్చు తయారుచేస్తారు. ఆఖరున అనుమతి ఉన్న గోడ మీద చిమ్ముతారు. తొంభై దాటినవారు కూడా నేర్చుకున్నారు.

ఇలాంటి తరగతులలో మొదటి పాఠం రంగు గురించి కాదు, ఊపిరి గురించి. ద్రావణి ఆవిరి ఊపిరితిత్తులకు, మెదడుకు హాని చేస్తుంది. మామూలు గుడ్డ మాస్కు తుంపరలను కొంత ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపలేదు. ఆవిరిని పీల్చుకునే బొగ్గు నింపిన ముసుగు కావాలి. గాలి ఆడే చోటే పనిచేయాలి. దగ్గరలో మంట ఉండరాదు. డబ్బాను 50 డిగ్రీల సెల్సియస్ దాటే వేడిలో ఉంచితే లోపలి పీడనం పెరిగి పేలవచ్చు. మన రెంటచింతల ఎండలో తలుపులు మూసిన కారులో ఆ వేడి రావడం ఎంతసేపు?

ఈ గోడ ఎవరిది?

గోల్కొండ కోట గోడల మీద, చార్మినారు మీద పేర్లు చెక్కినవారిని చూస్తే మనకు కోపం వస్తుంది. న్యాయమే. అది అందరి సొత్తు, మళ్లీ కట్టలేనిది. అయితే అడిగి వేసిన బొమ్మ మాటేమిటి?

న్యూయార్క్ లోని క్వీన్స్ ప్రాంతంలో 'ఫైవ్ పాయింట్జ్' అనే పాత ఫ్యాక్టరీ భవనం ఉండేది. యజమాని అనుమతితో ఎన్నో దేశాల చిత్రకారులు దాని గోడలు నింపారు. 2013 నవంబరులో ఒక రాత్రి యజమాని ఆ గోడలకు తెల్ల సున్నంలాంటి రంగు కొట్టించాడు. తరువాత భవనాన్ని కూల్చారు. చిత్రకారులు కోర్టుకు వెళ్లారు. 2018లో 21 మంది చిత్రకారులకు 67 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది. 2020లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. భవనం యజమానిదే అయినా, దాని మీది కళను ముందుగా తెలియజేయకుండా నాశనం చేయరాదని ఆ తీర్పు సారాంశం. అడగకుండా వేసినవారికి ఈ రక్షణ దొరికేదా? ఆలోచించండి.

మన దేశంలోనూ అడిగి వేసిన గోడలు ఉన్నాయి. హైదరాబాదులో హుసేన్‌సాగర్ దగ్గరి మక్తా బస్తీలో 2016లో చిత్రకారులు ఇళ్ల గోడలను పెద్ద పెద్ద బొమ్మలతో నింపారు. అటు వెళ్లినప్పుడు చూడండి.

మీరే చేసి చూడండి

1. టార్చిలైటును గోడకు 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని వెలుగు వలయం వ్యాసం కొలవండి. 100 సెంటీమీటర్ల దూరంలో మళ్లీ కొలవండి. వైశాల్యాలు లెక్కకట్టి పోల్చండి. వెలుగు ఎందుకు మందగించింది?

2. పాత పళ్ల బ్రష్షును నీటిరంగులో ముంచి, కాగితం మీద వేపాకు పెట్టి, బ్రష్షు వెంట్రుకలను దువ్వెనతో గీయండి. ఆకు తీస్తే దాని ఆకారం తెల్లగా మిగులుతుంది. బ్రష్షును దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పట్టి, ఒకే కొలత గల గడిలో పడిన చుక్కలు లెక్కించండి. సరిగ్గా నాలుగో వంతు రాకపోతే ఎందుకు రాలేదో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.

3. ఒక కొత్త నోటు పుస్తకం తీసి, మీ పేరులోని మొదటి అక్షరాన్ని పది రకాలుగా గీయండి. మన 'అ', 'క్ష', 'శ్రీ' వంటి అక్షరాల వంపులు చూడండి, ఎన్ని మెలికలకు చోటుందో! తరువాత ఆ పుస్తకాన్ని మీ స్నేహితునికిచ్చి ఒక పేజీ గీయమనండి. అతని పుస్తకంలో మీరొక పేజీ గీయండి.

అలా ఇచ్చిపుచ్చుకున్న పేజీలను గోడకు సున్నం కొట్టేవారు తుడవలేరు. అమ్మమ్మ ముగ్గుల పుస్తకం నిలిచిందీ ఇలాగే కదా!